పసిబిడ్డకి రక్తం తగ్గిపోతుంటే ఎక్కించేముందే చేయించాల్సినవి, డైమండ్ బ్లాక్‌ఫాన్ రిపోర్టులు చదివే పద్ధతి

రెండు మూడు నెలల బిడ్డ, పాలు సరిగ్గా తాగట్లేదు, తాగేటప్పుడు ఆయాసపడుతోంది, అరచేతులు తెల్లగా పాలిపోయాయి అని హాస్పిటల్‌కి తీసుకెళ్తే హెచ్‌బి 4 అని వస్తుంది, ఇంట్లో అందరికీ కాళ్ళు చేతులు ఆడవు, ఆ కంగారులో వెంటనే ఎన్‌ఐసీయూలోనో వార్డులోనో పెట్టి బ్లడ్ ఎక్కించేస్తారు, మర్నాటికి బిడ్డ ఎర్రగా అయిపోతుంది, ఐరన్ సిరప్ రాసి ఇంటికి పంపేస్తారు. నాలుగైదు వారాలకి మళ్ళీ అదే కథ. మూడోసారి ఎక్కించాక ఎవరో ఒక పెద్ద డాక్టర్ "ఇది డైమండ్ బ్లాక్‌ఫాన్ ఏమో చూద్దాం" అంటారు (ఎముక మజ్జ ఎర్ర కణాల్ని సరిగ్గా తయారుచెయ్యలేని, పుట్టుకతో వచ్చే జబ్బు), అప్పటికి బిడ్డ ఒంట్లో తిరుగుతున్నది చాలావరకు దాతల రక్తమే కాబట్టి సగం టెస్టులు అర్థం లేకుండా పోతాయి. నేను ల్యాబ్ వైపు మనిషిని, ఇలాంటి ఫైళ్ళు చూసి చూసి ఇది రాస్తున్నాను. మందు ఎంత ఇవ్వాలి అనేది మీ హెమటాలజిస్ట్ చూసుకుంటారు, నేను చెప్పేది ఏ శాంపిల్ ఎప్పుడు తియ్యాలి, వచ్చిన కాగితంలో ఏం చూడాలి అనేది.

ముందు జబ్బు ఏంటో చెప్తాను, అది అర్థమైతే టెస్టులు ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

అసలు ఏం జరుగుతోంది లోపల

మన ఒంట్లో ప్రతి కణంలో ప్రోటీన్ తయారుచేసేది రైబోజోమ్. ఇది రెండు ముక్కలు, చిన్నది 40ఎస్, పెద్దది 60ఎస్, రెండూ కలిస్తే 80ఎస్. ఈ రెండు ముక్కల్లో కలిపి నాలుగు ఆర్‌ఎన్‌ఏలు, 80 దాకా ప్రోటీన్లు ఉంటాయి, వీటిని కూర్చడానికి ఇంకో రెండు వందల పైన ప్రోటీన్లు పనిచేస్తాయి (అవి కూర్చి పక్కకి తప్పుకుంటాయి, ఫైనల్ రైబోజోమ్‌లో ఉండవు). ఇదంతా ఎక్కువ భాగం కణం కేంద్రకంలో ఉండే న్యూక్లియోలస్ అనే చోట జరుగుతుంది. ఇప్పుడు ఆ 80 ప్రోటీన్లలో ఒక్కదానికి సంబంధించిన జీన్, అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి రెండు కాపీలు ఉంటాయి కదా, అందులో ఒక కాపీ పాడైంది అనుకోండి, ఆ ప్రోటీన్ సగమే తయారవుతుంది, దాంతో ఆ ముక్క కూర్చడం అక్కడే ఆగిపోతూ ఉంటుంది, మొత్తం మీద రైబోజోమ్‌ల లెక్క తగ్గిపోతుంది. రెండు కాపీలూ పోతే బిడ్డ గర్భంలోనే నిలవదు, కాబట్టి మనం చూసేదంతా ఒక కాపీ పోయినవాళ్ళనే.

మరి ప్రతి కణానికీ రైబోజోమ్ కావాలి కదా, ఎర్ర రక్తకణాలే ఎందుకు దెబ్బతింటాయి అని అందరూ అడుగుతారు, మంచి ప్రశ్న, సైంటిస్టులు కూడా ఏళ్ళ తరబడి దీనిమీదే కొట్టుకున్నారు. ఇంట్లో రెండు పొయ్యిల్లో ఒకటి పాడైతే మామూలు రోజుల్లో ఎలాగో గడిచిపోతుంది, పెళ్ళి భోజనాలు వండాల్సిన రోజు బయటపడుతుంది. ఎర్ర కణం అయ్యే కణానికి రోజూ పెళ్ళే, తక్కువ టైంలో గబగబా విడిపోవాలి, పైగా గ్లోబిన్ అనే ప్రోటీన్ కుప్పలు కుప్పలుగా తయారుచెయ్యాలి. ఇక్కడ మూడు దెబ్బలు తగులుతాయి. ఒకటి, కూర్చడం ఆగిపోయినప్పుడు ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే రెండు ప్రోటీన్లు 5ఎస్ ఆర్‌ఎన్‌ఏతో కలిసి ఖాళీగా మిగిలిపోయి ఎండీఎం2 అనేదాన్ని పట్టుకుంటాయి, మామూలుగా ఈ ఎండీఎం2 పని పి53ని అణచి ఉంచడం, అది ఇరుక్కుపోయేసరికి పి53 పెరిగి కణాన్ని ఆపేస్తుంది లేదా చంపేస్తుంది. రెండు, గాటా1 అనే ప్రోటీన్ లేకపోతే ఎర్ర కణం ఎర్ర కణం అవ్వదు, రైబోజోమ్‌లు తక్కువైనప్పుడు ఈ గాటా1 తయారీ బాగా దెబ్బతింటుంది. 2012లో అసలు రైబోజోమ్ జీన్లన్నీ బాగానే ఉండి గాటా1లోనే తేడా ఉన్న డైమండ్ బ్లాక్‌ఫాన్ పిల్లల్ని గుర్తించడంతో ఈ లింకు గట్టిపడింది. మూడు, హీమ్ తయారీ మామూలు స్పీడ్‌లో నడుస్తూ గ్లోబిన్ మాత్రం వెనకపడుతుంది, గ్లోబిన్ దొరకని హీమ్ కణానికి విషం, దాంతో లేత కణాలు మజ్జలోనే చచ్చిపోతాయి.

బోస్టన్‌లో 1938లో లూయిస్ డైమండ్, కెన్నెత్ బ్లాక్‌ఫాన్ అనే డాక్టర్లు ఇలాంటి పిల్లల గురించి రాశారు, అందుకే ఆ పేరు (1936లోనే హ్యూ జోసెఫ్స్ అనే ఆయన రాశారు, కొన్ని పాత పుస్తకాల్లో ఆయన పేరు కూడా ఉంటుంది). రైబోజోమ్‌కి సంబంధం ఉందని తెలిసింది మాత్రం 1999లో, ఆర్‌పీఎస్19 జీన్ దొరికినప్పుడు. అంటే అరవై ఏళ్ళు కారణం తెలీకుండానే వైద్యం చేశారు. ఇప్పటికి ఇరవైకి పైగా జీన్లు దొరికాయి, అయినా నాలుగో వంతు మందిలో కనపడేది ఈ ఆర్‌పీఎస్19నే. అరుదైన జబ్బే, పది లక్షల కాన్పుల్లో ఐదు నుంచి ఏడు దాకా.

ఎక్కించేముందు తియ్యాల్సిన శాంపిల్స్

మీరు ఈ పోస్టులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. బిడ్డకి క్యాన్యులా పెట్టేటప్పుడే బ్లడ్ తీస్తారు, ఎక్కించడం ఆ తర్వాతే మొదలవుతుంది, ఆ మధ్యలోనే పని అయిపోవాలి. దీనికోసం రక్తం ఎక్కించడం ఆలస్యం చెయ్యమని నేను చెప్పట్లేదు, హెచ్‌బి 3 ఉన్న బిడ్డని ఆపి పెట్టడం ప్రమాదం, ఒక ట్యూబ్ ఎక్స్‌ట్రా తియ్యడానికి పట్టేది నిమిషాలే. డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి మర్యాదగా "సార్, ఎక్కించేముందు రెటిక్ కౌంట్, స్మియర్ కూడా పంపుతారా, ఒక పర్పుల్ క్యాప్ ట్యూబ్ విడిగా ఫ్రిజ్‌లో దాచమంటారా, తర్వాత జెనెటిక్స్‌కి పనికొస్తుంది కదా" అంటే చాలు, ఎక్కువమంది కాదనరు (రెటిక్ అంటే లేత ఎర్ర కణాల లెక్క, స్మియర్ అంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం). నిజానికి అది అడిగించుకోవాల్సిన విషయం కాదు, కానీ అర్ధరాత్రి వార్డు సంగతి అందరికీ తెలిసిందే.

పసిబిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే కిలోకి 80 ఎంఎల్ దాకా, అంటే 4 కిలోల పాపకి 320 ఎంఎల్, కాబట్టి ప్రతి టెస్టూ చేయించేద్దాం అని కుదరదు, ముఖ్యమైన వరసలో వెళ్ళాలి. సీబీసీ (రక్తకణాలన్నిటి లెక్క), రెటిక్, స్మియర్ ఒకే పర్పుల్ ట్యూబ్‌లో అయిపోతాయి. హెచ్‌పీఎల్‌సీకి (హిమోగ్లోబిన్ రకాలు చూసే టెస్ట్) కూడా అందులోంచే వాడొచ్చు. జెనెటిక్స్‌కి ఒక ట్యూబ్. పార్వోవైరస్ బి19 (ఎర్ర కణాల తయారీని ఆపేసే వైరస్) పీసీఆర్, బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది) తర్వాత. బ్లడ్ బ్యాంక్ వాళ్ళని గ్రూప్ ఒక్కటే కాకుండా ఎక్స్‌టెండెడ్ ఫినోటైప్ (ఎర్ర కణాల మీదుండే మిగతా గుర్తులు) కూడా చెయ్యమని అడగండి, ఏళ్ళ తరబడి ఎక్కించాల్సి వస్తే యాంటీబాడీలు రాకుండా మ్యాచ్ చేసుకోవడానికి అది పనికొస్తుంది, ఎక్కించాక చేస్తే దాత కణాలు కలిసిపోయి గందరగోళం.

ఇంకో టెస్ట్ ఉంది, ఎర్ర కణాల్లో అడినోసిన్ డీఅమినేజ్, ఈఏడీఏ అంటారు. డైమండ్ బ్లాక్‌ఫాన్ ఉన్నవాళ్ళలో దాదాపు 80 శాతం పైన మందికి ఇది ఎక్కువ ఉంటుంది. ఇక్కడ మన దగ్గర ఒక తిరకాసు ఉంది. మన ల్యాబుల్లో ఏడీఏ అంటే టీబీ అనుమానంతో ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలో చేసే టెస్టే, ఫారం మీద ఉత్తి ఏడీఏ అని రాస్తే సీరంలో చేసి నంబర్ ఇచ్చేస్తారు, అది మనకి దేనికీ పనికిరాదు. ఎర్ర కణాల్లోది అని స్పష్టంగా రాయించాలి, ఆ ల్యాబ్ అది చేస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే శాంపిల్ పంపాలి. ఇప్పటికే ఎక్కించేసి ఉంటే కనీసం మూడు నెలలు గ్యాప్ ఉంటే తప్ప ఈ టెస్ట్ నమ్మడానికి లేదు, నెలనెలా ఎక్కించే బిడ్డకి ఆ గ్యాప్ దొరకదు, అప్పుడు బిడ్డకి బదులు అమ్మానాన్నలకి చెయ్యడం ఒక దారి.

ఇప్పటికే రెండు మూడుసార్లు ఎక్కించేశారు, ముందు శాంపిల్ ఎవరూ దాచలేదు అంటే కుంగిపోకండి, జెనెటిక్స్‌కి బుగ్గ లోపలి నుంచి తీసే స్వాబ్ వాడొచ్చు, పాత సీబీసీ ప్రింట్ మెడికల్ రికార్డ్స్ సెక్షన్ నుంచి తీయించండి, మొదటిసారి అడ్మిట్ అయినప్పుడు ఎక్కించకముందు చేసిన ఆ ఒక్క పేజీ బంగారం.

సీబీసీ కాగితం ఎలా చూడాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాపకి 10 వారాలు. హెచ్‌బి 3.8, ఎర్ర కణాలు 11.2 లక్షలు, ఎంసీవీ 103, తెల్ల కణాలు 9,600, ప్లేట్‌లెట్లు 4.3 లక్షలు, రెటిక్ 0.2 శాతం.

మొదట హెచ్‌బి. రెండు మూడు నెలల వయసులో ప్రతి బిడ్డకీ హెచ్‌బి కాస్త తగ్గుతుంది, 9 నుంచి 11 మధ్యకి వచ్చి మళ్ళీ పెరుగుతుంది, అది మామూలే. కానీ 3.8 మామూలు కాదు.

తర్వాత తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు. రెండూ బాగున్నాయి. మూడూ కలిపి పడిపోయి ఉంటే లుకేమియా, ఫాంకోనీ (మజ్జ మొత్తం దెబ్బతినే పుట్టుకతో వచ్చే జబ్బు) లాంటివి ఆలోచిస్తారు, ఇక్కడ ఒక్క ఎర్ర లైన్ మాత్రమే పడింది.

ఇప్పుడు రెటిక్. రెటిక్ అంటే మజ్జ నుంచి కొత్తగా బయటికొచ్చిన లేత ఎర్ర కణాలు. ఇక్కడే చాలామంది పొరపడతారు, రిపోర్టులో పక్కన నార్మల్ 0.5 నుంచి 2.5 అని ఉంటుంది, బిడ్డకి 0.8 వస్తే నార్మలే కదా అనుకుంటారు. కాదు. శాతం చూడకూడదు, లెక్క చూడాలి. 11.2 లక్షల్లో 0.2 శాతం అంటే మైక్రోలీటర్‌కి 2,240, మామూలుగా ఉండాల్సింది 25 వేల నుంచి లక్ష దాకా. పైగా హెచ్‌బి 3.8 ఉన్నప్పుడు మజ్జ బాగుంటే ఆ లక్ష కూడా దాటేసి పరిగెత్తాలి. కణాలు పగిలిపోయే జబ్బైతే రెటిక్ 8, 10, 15 శాతం ఉంటుంది, తయారీ బాగుంది కానీ నష్టం ఎక్కువ అని. ఇక్కడ తయారీయే లేదు. ఈ ఒక్క నంబర్ చాలా దారులు మూసేస్తుంది, అందుకే రెటిక్ లేకుండా రక్తహీనత అని రాసిన డిశ్చార్జ్ సమ్మరీ చూస్తే నాకు చిరాకు.

చివరగా ఎంసీవీ, కణం సైజు. పుట్టినప్పుడు 108 దాకా ఉండి నెలనెలా తగ్గుతూ వస్తుంది, మూడు నెలలకి 90 చిల్లరలో ఉండాలి, 103 అంటే ఆ వయసుకి పెద్దది. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, థలసీమియాలోనూ చిన్నవే. కాబట్టి పెద్ద కణాలు, రెటిక్ దాదాపు సున్నా, మిగతా రెండు లైన్లు బాగుండి, వయసు ఏడాది లోపు, ఈ నాలుగూ కలిస్తే డైమండ్ బ్లాక్‌ఫాన్ అని గట్టిగా అనుమానించాలి. సగటున రెండో నెల చుట్టుపక్కలే బయటపడుతుంది, ఏడాదిలోపు చాలావరకు తెలిసిపోతుంది.

ఐరన్ సిరప్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. రక్తం తక్కువ అనగానే మన ఇళ్ళల్లో ఐరన్ టానిక్, బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం, అమ్మమ్మ ఒకటి చెప్తే నానమ్మ ఇంకోటి. ఈ బిడ్డల ఒంట్లో ఐరన్ తక్కువ కాదు, వాడే కణాలు లేక మిగిలిపోతోంది, పైగా ఎక్కించే ప్రతి బ్యాగ్‌తో ఇంకొంత చేరుతుంది. ఫెరిటిన్ చూడకుండా ఐరన్ ఇవ్వొద్దు.

మరి ఇంకేమైనా కావచ్చా

కావచ్చు, అందుకే వరసగా తోసిపుచ్చుకుంటూ రావాలి. మన దగ్గర మొట్టమొదట చూడాల్సింది బి12. అమ్మ పూర్తి శాకాహారి అయి, కాన్పు ముందూ తర్వాతా బి12 లేకుండా ఉండి, బిడ్డ తల్లిపాలే తాగుతుంటే, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య పెద్ద కణాల రక్తహీనత వస్తుంది, చేతివేళ్ళ కణుపులు నల్లబడటం, బిడ్డ మందకొడిగా అయిపోవడం, కూర్చునే బిడ్డ కూర్చోవడం మానేయడం, వణుకు ఇవి ఆనవాళ్ళు. ఇందులో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కూడా తరచూ తగ్గుతాయి. ఇంజెక్షన్‌తో బాగయ్యే జబ్బు, కాబట్టి బిడ్డకీ అమ్మకీ ఇద్దరికీ బి12 చూసుకోవాలి.

టీఈసీ అని ఇంకోటి, ఇది తాత్కాలికం, ఎక్కువగా ఏడాది దాటిన పిల్లల్లో, అంతకుముందు బాగానే ఉన్న బిడ్డకి మజ్జ కొన్నాళ్ళు ఎర్ర కణాలు ఆపేసి ఒకటి రెండు నెలల్లో మళ్ళీ మొదలెడుతుంది, ఎంసీవీ మామూలుగా, ఈఏడీఏ మామూలుగా ఉంటుంది. పార్వోవైరస్‌లో మజ్జలో రాక్షస సైజు ప్రోనార్మోబ్లాస్ట్‌లు (ఎర్ర కణాల తొలి దశవి) కనిపిస్తాయి, పీసీఆర్‌లో దొరుకుతుంది. ఫాంకోనీకి క్రోమోజోమ్ బ్రేకేజ్ టెస్ట్. పియర్సన్ సిండ్రోమ్‌లో మజ్జలో లేత కణాల లోపల గుండ్రటి ఖాళీలు, లాక్టేట్ ఎక్కువ, అది మైటోకాండ్రియా జబ్బు.

థలసీమియా గురించి ఒక మాట. ఆరు నెలల లోపు ప్రతి బిడ్డకీ హెచ్‌బిఎఫ్ (గర్భంలో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్) ఎక్కువే, డైమండ్ బ్లాక్‌ఫాన్‌లో ఇంకాస్త ఎక్కువ, అది చూసి కంగారుగా థలసీమియా అని ముద్ర వేసేస్తారు. ఇద్దరు తల్లిదండ్రుల హెచ్‌పీఎల్‌సీ బాగుంటే బీటా థలసీమియా మేజర్ మాట దాదాపు పక్కన పెట్టెయ్యొచ్చు. అమ్మానాన్నల రక్తం ఎలాగూ తీస్తారు కాబట్టి వాళ్ళ సీబీసీలో ఎంసీవీ కూడా చూడండి, హెచ్‌బి బాగానే ఉండి కణాలు మాత్రం కొంచెం పెద్దవిగా ఉంటే, వాళ్ళకీ అదే మ్యుటేషన్ ఉండి లక్షణాలు లేకుండా తిరుగుతూ ఉండొచ్చు.

మజ్జ పరీక్ష రిపోర్ట్ వస్తే అందులో వెతకాల్సింది ఒక్క లైన్. సెల్యులారిటీ (మజ్జలో కణాలు ఎంత నిండుగా ఉన్నాయనేది) వయసుకి తగినట్టే ఉంటుంది, తెల్ల కణాల వరస, ప్లేట్‌లెట్ల వరస బాగానే ఉంటాయి, ఎరిత్రాయిడ్, అంటే ఎర్ర కణాల వరస మాత్రం 5 శాతం లోపు. మామూలుగా తెల్లవి మూడుంటే ఎర్రవి ఒకటి అనే నిష్పత్తి ఇక్కడ పదికి ఒకటి, ఇంకా ఘోరంగా కూడా ఉంటుంది.

బిడ్డని తల నుంచి కాలి దాకా చూడండి

దీనికి డబ్బు ఖర్చు లేదు, కానీ రద్దీ ఓపీలో ఎవరూ చెయ్యరు. దాదాపు సగం మందిలో ఏదో ఒక చిన్న తేడా ఉంటుంది. బొటనవేలు చూడండి, మామూలుగా రెండు ఎముకలే ఉండాలి, మూడుండి మిగతా వేళ్ళలా పొడుగ్గా కనిపిస్తే అది పెద్ద క్లూ. నోట్లో అంగిలి చీలిక, గుండెలో రంధ్రం, కిడ్నీ తేడాలు, ఎత్తు తక్కువ, కళ్ళ మధ్య దూరం ఎక్కువ. ఆర్‌పీఎల్5లో తేడా ఉంటే అంగిలి చీలిక ఎక్కువ, ఆర్‌పీఎల్11 అయితే బొటనవేలు. ఎకో, పొట్ట స్కాన్ ఒకసారి చేయించేస్తే సరి.

జీన్ రిపోర్ట్

ఎక్సోమ్ (ప్రోటీన్లు చేసే జీన్లన్నీ చదివేది) లేదా ప్యానెల్ (ఎంచుకున్న కొన్ని జీన్లే చదివేది) టెస్ట్ పంపుతారు. హైదరాబాద్ ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల సంస్థ), నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ ఇలాంటి కుటుంబాలకి సలహా ఇచ్చే చోట్లు, అరుదైన జబ్బుల జాతీయ పాలసీ 2021 కింద ఈ రెండూ కలిపి ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. ఎక్కడ చేయించినా శాంపిల్ ఇచ్చేముందే కౌన్సెలింగ్ అడగండి, రిపోర్ట్ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేసి ఊరుకునే ల్యాబుల దగ్గర తలనొప్పులు ఎక్కువ.

రిపోర్టులో ఇలా ఉంటుంది అనుకోండి: ఆర్‌పీఎస్19, సి.184సి>టి, పి.ఆర్జ్62ట్రిప్, హెటిరోజైగస్, పాథోజెనిక్. చదవడం ఏమీ కష్టం కాదు. జీన్ పేరు ఆర్‌పీఎస్19. ఎస్ అంటే చిన్న ముక్క, 40ఎస్ వైపు, ఎల్ ఉంటే పెద్ద ముక్క. 184వ అక్షరం సి ఉండాల్సిన చోట టి పడింది, దాంతో 145 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్‌లో 62వది ఆర్జినీన్ బదులు ట్రిప్టోఫాన్ అయింది. హెటిరోజైగస్ అంటే రెండు కాపీల్లో ఒకటే పాడైంది. ఈ 62వ చోటు మళ్ళీ మళ్ళీ దెబ్బతినే చోటు, వేర్వేరు దేశాల్లో సంబంధం లేని కుటుంబాల్లో ఇదే కనిపించింది.

వీయూఎస్ అని వస్తే అది రోగం ఉందనీ కాదు లేదనీ కాదు, ఇంకా తేల్చలేదని. అమ్మానాన్నల్లో అదే మార్పు ఉందో లేదో చూడాలి. అసలేం దొరకలేదు అని వచ్చినా జబ్బు లేదని కాదు, కొంతమందిలో జీన్‌లో ఒక పెద్ద ముక్కే ఎగిరిపోతుంది, మామూలు సీక్వెన్సింగ్‌లో రెండో కాపీ బాగానే చదవబడి ఆ లోటు కనపడదు, డిలీషన్లకి విడిగా చూశారా, ఎంఎల్‌పీఏ గానీ మైక్రోఅరే గానీ చేశారా అని అడగాలి.

ఇక్కడ ఇంకో గొడవ. రిపోర్ట్ రాగానే "మేనరికం చేసుకున్నారు కదా, అందుకే" అని చుట్టాలు మొదలెడతారు, కోడలు ఏడుస్తుంది. డైమండ్ బ్లాక్‌ఫాన్‌కి మేనరికంతో సంబంధం లేదు. ఒక్క కాపీ పాడైతే చాలు వచ్చే జబ్బు ఇది, సగం కన్నా ఎక్కువ మందిలో ఆ మార్పు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది, అమ్మలోనూ నాన్నలోనూ ఉండదు. మేనరికం లెక్కలోకి వచ్చేది రెండు కాపీలూ పాడవ్వాల్సిన జబ్బుల్లో. రైబోజోమ్ వైపే అలాంటిది ఒకటుంది, ష్వాక్‌మన్ డైమండ్ సిండ్రోమ్, 2003లో దొరికిన ఎస్‌బీడీఎస్ జీన్‌ది, పెద్ద ముక్క మీద అంటుకుని ఉండే ఈఐఎఫ్6ని తీసెయ్యడం కుదరక రెండు ముక్కలూ కలవలేకపోతాయి. అందులో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) తక్కువ, మలం జిడ్డుగా తేలుతూ రావడం, బరువు పెరగకపోవడం, ఇదీ దాని తీరు. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవాళ్ళలో 5క్యూ డిలీషన్ (ఐదో క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఎగిరిపోవడం) అని వచ్చే ఎండీఎస్ (మజ్జలో కణాలు సరిగ్గా తయారవ్వని జబ్బు) ఉంది, దాంట్లో పోయే ముక్కలో ఆర్‌పీఎస్14 ఉంటుంది, 2008లో తేలింది, అదీ పెద్ద కణాల రక్తహీనతే కానీ పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకి పోదు, లెనాలిడోమైడ్ అనే మందు బాగా పనిచేస్తుంది. ట్రెచర్ కాలిన్స్ అనే ఇంకో రైబోజోమ్ జబ్బులో అయితే రక్తం జోలికే పోదు, ముఖం ఎముకలు దెబ్బతింటాయి. ఒకే ఫ్యాక్టరీ, ఎక్కడ చెడిందో దాన్నిబట్టి వేరే అవయవం.

వైద్యంలో అడగాల్సినవి

మొదటి ఏడాది ఎక్కువగా రక్తం మీదే నడిపిస్తారు, మూడు నుంచి ఐదు వారాలకోసారి, స్టెరాయిడ్ ఏడాది దగ్గర మొదలెడతారు. ఎందుకు ఆగుతారంటే ఎదుగుదల ఒకటి, టీకాలు ఇంకోటి. రోటా, తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా), ఇవి బతికున్న వైరస్ టీకాలు, ఎక్కువ డోసు స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు ఇవ్వకూడదు. రక్తం ఎక్కించాక ఎంఆర్ సరిగ్గా పట్టకపోవచ్చు కూడా, కాబట్టి టీకా కార్డు, ఎక్కించిన తేదీలు రెండూ ఒకే డాక్టర్‌కి చూపించి ప్లాన్ చేయించుకోండి, అంగన్‌వాడీలో ఒకటి హాస్పిటల్‌లో ఒకటి అయితే కలవదు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సాధారణంగా కిలోకి రోజుకి 2 ఎంజీతో మొదలవుతుంది, నాలుగు వారాల లోపు రెటిక్ లేవాలి, ముందు రెటిక్ తర్వాత హెచ్‌బి. లేవకపోతే అదే డోసు నెలల తరబడి లాగకూడదు. మొదట్లో పదిలో ఎనిమిది మంది దాకా స్పందిస్తారు, కానీ కొంతమందికి తగ్గించుకుంటూ వచ్చేసరికి మళ్ళీ పడిపోతుంది. స్టెరాయిడ్ పాడైన జీన్‌ని బాగుచెయ్యదు, మొదటి దశ కణాల సంఖ్య పెంచుతుంది, చాలా చచ్చిపోయినా మిగిలినవి సరిపోయేటట్టు. అందుకే చివరికి నిలబెట్టే డోసు ఎంత తక్కువ అనేదే అసలు ప్రశ్న, కిలోకి రోజుకి 0.3 ఎంజీ దాటితే గానీ నిలవట్లేదంటే స్టెరాయిడ్ మాని రక్తం మీదకి వెళ్ళడమే మేలని చాలామంది హెమటాలజిస్టులు అంటారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది, ఎత్తు పెరగని, ఎముకలు గుల్లబారిన పిల్లల్ని చూశాక.

రక్తం మీద ఉన్నవాళ్ళకి ఐరన్ పేరుకోవడం థలసీమియా కన్నా తొందరగా జరుగుతుంది, కారణం ముందు చెప్పిందే, వాడుకునే లేత ఎర్ర కణాలే మజ్జలో లేవు. పది ఇరవై బ్యాగులయ్యేసరికి ఫెరిటిన్, ఆ తర్వాత గుండెకీ లివర్‌కీ టీ2 స్టార్ ఎంఆర్ఐ (ఐరన్ ఎంత పేరుకుందో చూసే స్కాన్) గురించి అడగండి. ఐరన్ బయటికి పంపడానికి డెఫరసిరాక్స్, డెస్‌ఫెరాల్ వాడతారు. డెఫరిప్రోన్ థలసీమియాలో మామూలుగా వాడే మందే కానీ ఈ జబ్బులో తెల్ల కణాలు ప్రమాదకరంగా పడిపోయే భయం ఎక్కువ, థలసీమియా పిల్లల క్యాంపులో ఎవరో ఇచ్చారని వాడొద్దు.

ఇంకా బ్లడ్ విషయంలో. "నాన్న రక్తమే ఎక్కించండి, సొంత రక్తం మంచిది" అని చాలా ఇళ్ళల్లో పట్టుబడతారు. తర్వాత మజ్జ మార్పిడి చెయ్యాల్సి వస్తే అప్పటికే అమ్మానాన్న, తోబుట్టువుల రక్తానికి బిడ్డ ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉంటే కష్టం. నాన్న బ్లడ్ బ్యాంక్‌లో రీప్లేస్‌మెంట్‌గా ఇవ్వొచ్చు, అది వేరేవాళ్ళకి పోతుంది, బిడ్డకి మాత్రం బయటి దాతది, తెల్ల కణాలు ఫిల్టర్ చేసింది.

మజ్జ మార్పిడి ఒక్కటే రక్తం వరకు పూర్తిగా నయం చేసేది, అన్నో చెల్లో హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోతుందో చెప్పే కణాల గుర్తులు) మ్యాచ్ అయితే మంచి ఫలితాలే వస్తున్నాయి. కానీ ఇక్కడ తప్పక అడగాల్సిన ప్రశ్న ఉంది. అన్న ఆరోగ్యంగా, హెచ్‌బి 12తో తిరుగుతున్నా వాడికీ అదే మ్యుటేషన్ ఉండొచ్చు, లక్షణాలు లేకుండా. వాడి మజ్జ ఇస్తే అదే జబ్బు మళ్ళీ ఇచ్చినట్టు. కాబట్టి హెచ్‌ఎల్‌ఏతో పాటు అదే జీన్ టెస్ట్ దాతకి చేశారా లేదా అని ట్రాన్స్‌ప్లాంట్ టీంని మొహమాటం లేకుండా అడగండి. మార్పిడి తర్వాత రక్తం కొత్తదైనా మిగతా ఒళ్ళు పాతదే, పెద్దపేగు క్యాన్సర్, ఎముక క్యాన్సర్ రిస్క్ మామూలు జనం కన్నా ఎక్కువే, పెద్దపేగు పరీక్ష ఇరవైల్లోనే మొదలెట్టమంటారు, మార్పిడి అయినా కాకపోయినా.

రెండో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే, అమ్మానాన్నల్లో ఒకరికి మ్యుటేషన్ ఉంటే ప్రతి కాన్పుకీ సగానికి సగం అవకాశం. ఇద్దరికీ రక్తంలో కనపడకపోయినా, అండాల్లోనో వీర్యంలోనో కొన్నింట్లో మాత్రమే ఉండే చిన్న అవకాశం మిగులుతుంది, అందుకే పెద్ద బిడ్డ మ్యుటేషన్ ఏంటో ఖచ్చితంగా తెలిసిన కాగితం చేతిలో పెట్టుకుని, గర్భం వచ్చాక కాదు, రాకముందే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి ముక్క తీసి చేసే టెస్ట్‌కి టైం దొరుకుతుంది.